పదోసారి కరిగిన మట్టి

మే 7, బుధవారం

మంచు కొండల్లోని లేహ్ నుంచి వచ్చిన రోడ్డు మట్టిలో నేను ఊక బూడిద కలిపాను. నా ల్యాబ్‌మేట్ అఫ్సా చెరకు పిప్పి బూడిద కలిపింది. వాళ్ళది ఉయ్యూరు, షుగర్ ఫ్యాక్టరీ పక్కనే ఇల్లు, బూడిదకేం తక్కువ! ఒకరోజు ఫ్రీజర్‌లో, ఒకరోజు బయట, ఇలా పన్నెండుసార్లు. ఎవరి శాంపిల్స్ గట్టిగా నిలబడితే వాళ్ళని మా గైడ్ రామకోటేశ్వరరావు సార్ జూలైలో లేహ్ తీసుకెళ్తారు. ఒక్కరినే.

ట్రేకో డమ్మీ శాంపిల్ చేసి, లోపల టెంపరేచర్ రికార్డు చేసే బటన్ సెన్సార్ పెట్టాను.

మే 16

నావి పగుళ్ళిచ్చాయి. మట్టిలో నీళ్ళు గడ్డకడితే ఉబ్బి రేణువుల్ని నెట్టేస్తాయి, కరిగాక ఆ సందులు అలాగే మిగిలిపోతాయి. థియరీ నాకూ వచ్చు. అఫ్సావి మాత్రం నున్నగా ఉన్నాయి, దాని మొహంలాగే. సార్ దాని ట్రే చూసి శభాష్ అన్నారు. నా ట్రే చూసి ఊఁ అన్నారు.

మే 21

కుళ్ళుకుంటున్నాను. అవును, కుళ్ళే.

మే 25, ఆదివారం, సాయంత్రం ఆరు

అఫ్సా ఉయ్యూరులో పెళ్ళికి వెళ్ళింది. ల్యాబ్ డ్యూటీ నాది. పొద్దున ఏడింటికి రెండు ట్రేలూ ఫ్రీజర్‌లో పెట్టాను. పదోసారి. మధ్యాహ్నం రెండింటికి దాని ట్రే ఒక్కటీ తీసి కిటికీలో ఎండకి పెట్టాను. మా కాలేజీ ఉన్న కంకిపాడు ఎండ, మూడు గంటల్లో మొత్తం కరిగిపోయాయి. ఐదింటికి మళ్ళీ లోపల పెట్టేశాను. ఒకసారి ఎక్కువ కరిగితే ఒక్కటైనా పగలదా?

మే 31

మెషీన్‌లో నొక్కితే అఫ్సావి నావాటికి రెట్టింపు బరువు మోశాయి. మట్టి చెడేదంతా మొదటి నాలుగైదుసార్లేనట, తర్వాత ఇంకోసారి కరిగినా పెద్ద తేడా రాదట. సార్ చెబుతుంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

అప్పుడు బటన్లు కంప్యూటర్‌కి పెట్టారు. ఇరవై ఐదో తేదీ మధ్యాహ్నం అఫ్సా ట్రే గ్రాఫ్ గీత నలభై డిగ్రీలకి లేచింది. ఆ బటన్ పెట్టింది నేనే, ఎలా మర్చిపోయాను దేవుడా!

ఎవరి పని అని సార్ అరిచారు. అఫ్సా తనదే అంది. పెళ్ళి నుంచి మధ్యలో వచ్చి, చూద్దామని తీసి, వెంటనే లోపల పెట్టడం మర్చిపోయానంది. సార్ నమ్మేశారు. ఇంత అజాగ్రత్త మనిషిని అంత దూరం తీసుకెళ్ళనన్నారు. నేను ట్రేలు కడగడానికి వెళ్ళిపోయాను.

జూన్ 1

ఎందుకలా చెప్పావే అని అడిగాను. తనకి చలి పడదంది. నేను ఒకసారి మంచు చూస్తే మనిషినవుతానేమోనంది. నవ్వింది కూడా. నెలరోజులు ఫ్రీజర్‌లో చేతులు పెట్టిన దానికి చలి పడదా!

జూన్ 3

లేహ్ టికెట్ నా పేరు మీద వచ్చింది. సార్ రూమ్‌కి వెళ్ళి నిజం చెప్పేశాను.

మంచితనమేం కాదు. అందులో కూడా అదే ఫస్ట్ రావడం చూడలేక.