మేనమామ ఫ్లాషు

నవంబరు 4, మంగళవారం. ఉదయం 6.10

ఈ రోజు నుంచి డైరీ. కారణం ఉంది.

పదహారో తేదీ ఆదివారం ఆదోనిలో మా భవాని అక్క కూతురిని తొట్టెలో వేస్తున్నారు. పెళ్ళయిన పదకొండేళ్ళకు పుట్టిన బిడ్డ! ఫోటోలు నేనే తీస్తానని నిన్న ఫోనులో మాటిచ్చేశాను. వాళ్ళు మాట్లాడుకున్న ఫోటోగ్రాఫరును వద్దనమని కూడా చెప్పేశాను.

అక్క "నిజంగా వస్తాదా నీకు, జయరాం? తమాషా కాదురా ఇది. ఇన్నేళ్ళకు మా ఇంట్లో తొట్టె కడతాండాం" అంది.

వస్తాది అక్కా! రాకపోవడమేంటి!

సమస్య ఒకటే. లోకేష్ బావ వాళ్ళది పాతకాలపు బండల మిద్దె. కిటికీలు చిన్నవి. నడింట్లో పగలు కూడా లైటు వేసుకోవాలి. కిందటేడు అక్కడ నేను తీసిన ఫోటోల్లో ఎవరు ఎవరో వాళ్ళకే తెలియలేదు. కాబట్టి కెమెరా నెత్తిన పెట్టే విడి ఫ్లాషు కావాలి. ఇక్కడ మా ఎమ్మిగనూరులో స్టూడియో నడిపే జాషువా అన్న దగ్గర పాతది ఒకటుంది.

ప్రతిజ్ఞ: రోజుకు ఒక గంట సాధన. మగ్గం గుంతలో దిగి నేత మొదలుపెట్టకముందే. పన్నెండు రోజులు, ఒక్కరోజు కూడా తప్పకుండా.

నా భార్య భారతి ఇది చదివి, "ఉగాదికి వేణువు, శ్రావణానికి యోగా, ఇప్పుడు ఇదా?" అని కాఫీ పెట్టి పోయింది. పట్టించుకోలేదు.

అదే రోజు, సాయంత్రం 5.30

ఫ్లాషు వచ్చింది! నాలుగు పెన్సిల్ సెల్లులు వేస్తే కుయ్యిమని సన్నగా అరుస్తుంది. ఎర్రదీపం వెలిగితే సిద్ధమని అర్థం. మెడ పైకీ పక్కకీ తిరుగుతుంది. ఎంత ముచ్చటగా ఉందో!

మొదటి ఫోటో భారతిది. ఫోటోలో భారతి లేదు. తెల్లటి వెలుగు, అందులో ఒక బొట్టు, రెండు కమ్మలు ఉన్నాయి.

"నేను యాడుండాను ఇందులో?"

"ఈడ. బొట్టు చుట్టూరా."

రాత్రికి నాకు పొద్దుటి చిత్రాన్నమే.

నవంబరు 5, బుధవారం. ఉదయం 7.15

జాషువా అన్న పాఠం: "మొగాల మీద కొట్టొద్దప్పా. దాని తల పైకి తిప్పి కప్పుకు కొట్టు. ఆడ తగిలి మెత్తగా కిందికి దిగుతాది వెలుగు. కప్పు మాత్రం తెల్లగుండాల."

మా మగ్గం గదికి సున్నం కొట్టి రెండు నెలలే అయింది. కొట్టాను పైకి. అబ్బబ్బ! పంచెల కట్టలు, నూలు కండెలు, గోడ మీద బల్లి, అన్నీ మెత్తగా, అందంగా. భారతికి ఈసారి ముక్కు కూడా వచ్చింది. చూసి ఏమీ అనలేదు. ఈ ఇంట్లో ఇంతకన్నా పెద్ద మెప్పు దొరకదు.

ఇంత సులభమా ఇది? జనం ఏళ్ళ తరబడి ఏం నేర్చుకుంటున్నారో!

నవంబరు 7, శుక్రవారం

నిన్న సాధన లేదు. పడుగు దారాలు తెగాయి. ఒక్కొక్కటీ అతికేసరికి పొద్దుగూకింది. ఈ రోజు రెండు గంటలు చేసి సరిచేస్తా.

సాయంత్రం: ఈ రోజు కూడా లేదు. అతికినవి మళ్ళీ తెగాయి. రేపు మూడు గంటలు.

నవంబరు 8, శనివారం. ఉదయం 10.20

సెల్లులు అయిపోయాయి. టార్చిలోంచి మూడు, గోడ గడియారంలోంచి ఒకటి లాగి వేశాను. బల్లి మీద ఇరవై ఫోటోలు. అది ఓపికగా కూర్చుంటుంది. మనుషుల్లా గొణగదు.

సాయంత్రం అయింది. గడియారంలో ఇంకా పదీ ఇరవైయే. ఆ లెక్కన నేనింకా సాధనలోనే ఉన్నాను.

నవంబరు 10, సోమవారం

పిడుగు లాంటి అనుమానం! లోకేష్ బావకు ఫోను.

"బావా, మీ నడింటి కప్పు ఏం రంగు?"

"కప్పా? దానికి రంగేముంటాది. నల్లబండలు. మా అవ్వ కట్టెలపొయ్యి పొగంతా ఆడే ఉండాది. ఎందుకప్పా, మీ ఇల్లేమైనా కారతాందా?"

అయిపోయింది. నల్లకప్పుకు కొడితే వెలుగును అదే మింగి కూర్చుంటుంది. ఆ మాట జాషువా అన్నే చెప్పాడు. మొహాల మీద కొడితే బొట్టూ కమ్మలూ. పైకి కొడితే చీకటి. అన్నం సహించలేదు. అంటే ఒక ముద్ద తక్కువ తిన్నాను.

నవంబరు 11, మంగళవారం. ఉదయం 6.45

దొరికింది! దొరికింది!

మగ్గం మీంచి కోసిన కొత్త తెల్లగుడ్డ, ఆరు గజాలు. గంజి పెట్టి బిర్రుగా చేసి, బండల కింద దూలాలకు కట్టేస్తే అదే తెల్లకప్పు! ఇంత ఆలోచన ఇంకే ఫోటోగ్రాఫరుకు వస్తుంది? వాళ్ళ ఇళ్ళల్లో మగ్గం లేదు కదా.

భారతితో చెప్పాను. "మీ అక్క అత్తను ఒక మాట అడుగు ముందు" అంది. దీనికి కూడా అడగాలా!

నవంబరు 13, గురువారం

సాధన లేదు. రోజూ చేస్తే చెయ్యి బిగుసుకుపోతుందని నాకే అనిపించింది. ఫ్లాషుతో వచ్చిన పుస్తకం చదివాను. అంటే బొమ్మలు చూశాను. అది చైనా భాషలో ఉంది.

నవంబరు 15, శనివారం. ఆదోని, సాయంత్రం 4.00

పొద్దున బస్సుకు వచ్చాం. పాపను చూశాను. పిడికిలి బిగించి నిద్రపోతోంది, ఎవరితోనో పోట్లాటకు వచ్చినట్టు. అక్క నన్ను చూడగానే పాపను ఎత్తి ఇవ్వబోయింది. చేతిలో కెమెరా సంచి ఉంది. తర్వాత ఎత్తుకుంటానన్నాను.

గుడ్డ చూపించాను. అక్క అత్త బసమ్మ ముఖం మారిపోయింది.

"కొత్తగుడ్డ, తెల్లగుడ్డ, పసిబిడ్డ నెత్తి మీద! పసుపు ముట్టియ్యకుండా యాడన్నా కడతారా?"

"తప్పకుండా ముట్టియ్యండత్తా" అన్నాను. పెద్దవాళ్ళ మాట కాదంటామా! ఒక మూలకు వేలితో ఇంత అంటిస్తారు. దానికి నాకేం నష్టం?

గుడ్డ ఆమె చేతికిచ్చి, సెల్లులు లెక్కపెట్టుకున్నాను. ఎనిమిది. అన్నీ కొత్తవే. రేపు చూడండి నా ప్రతాపం!

నవంబరు 16, ఆదివారం

ఉదయం 7.30. నడింట్లోకి అడుగుపెట్టి తలెత్తాను. గుడ్డ కట్టేసి ఉంది. చేమంతిపూల రంగులో.

బకెట్టు నీళ్ళలో పసుపు కలిపి ముంచిందట. ఆరు గజాలూ!

"అత్తా, మూలకు కొంచెం పెట్టుంటే సరిపోయేది కదా?"

"మూలకు పెడితే మూలకే కదప్పా మంచి జరిగేది! బిడ్డకంతా జరగాల."

ఆ ముసలి చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. అంత సంతోషంగా ఆమెను ఎప్పుడూ చూడలేదు. విప్పమనడానికి నోరు రాలేదు.

10.30. మొదటి ఫోటో. పాప పచ్చగా. అక్క పచ్చగా. పూజారి పంచె పచ్చగా. పాలు పచ్చగా!

10.50. బావ తొందరపడి రెండు ఫోటోలు బంధువుల గ్రూపులో పెట్టేశాడు. తుగ్గలి నుంచి పెద్దమ్మ ఫోను: "బిడ్డకు కామెర్లా? పొద్దుటి ఎండలో పండబెట్టండి!" గోనెగండ్ల నుంచి ఇంకెవరో ఆకుపసరు పోసే ఆయన నంబరు పంపారు.

11.15. పేరు పెట్టారు. జ్యోత్స్న. పేరేమో వెన్నెల, ఫోటోలో మామిడిపండు.

11.20. తొట్టె ఊపే వేళ. "మేనమామ యాడ? మొదట మేనమామ సెయ్యి పడాల తొట్టెకు!" అని బసమ్మత్త కేక. అప్పుడే ఫ్లాషు కుయ్యిమంటోంది. "ఒక్క నిమిషమత్తా, ఎర్రదీపం వెలగనీ!" అన్నాను. దీపం వెలిగింది. తలెత్తి చూస్తే నా బదులు భారతి తొట్టెకు చెయ్యి వేసింది. ముహూర్తం నా ఎర్రదీపం కోసం ఆగుతుందా!

12.10. తెగించి తిన్నగా మొహాల మీద కొట్టాను. పాప ఉలిక్కిపడి ఏడుపు. అక్క చేత్తో పాప కళ్ళు మూసింది. ఆ తర్వాత నేను కెమెరా ఎత్తితే చాలు, నడింట్లో అందరూ కళ్ళు మూసుకున్నారు.

1.00. సెల్లులు గోవిందా. మొత్తం 214 ఫోటోలు. భోజనాల దగ్గర ఎవరూ ఫోటోల మాట ఎత్తలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

నవంబరు 17, సోమవారం. ఎమ్మిగనూరు

ఫ్లాషును డబ్బాలో పెట్టి, రెండు కలరా ఉండలు వేసి, అటక మీదికి ఎక్కించాను. కొందరికి వంకాయ పడదు. నాకు ఫ్లాషు పడదు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నిజానికి ఉంది. వచ్చే ఫోటోగ్రాఫరును ఆపింది నేను. పదకొండేళ్ళ తర్వాత వచ్చిన రోజును పాడు చేసింది నేను. మగ్గంలో దిగాను కానీ కాలు ఆడలేదు.

నవంబరు 19, బుధవారం. మధ్యాహ్నం 3.00

అక్క ఫోను. ఎత్తనా వద్దా అని ఆలోచించి ఎత్తాను. ఎత్తగానే తప్పయిపోయిందన్నాను.

"దేనికి? పసుపుకా? పసుపయితే ఏమిరా, మంచిదే. పెద్దమ్మ కామెర్లంటే కడుపు నొచ్చేదాకా నవ్వినా. రెండు నూర్ల పద్నాలుగూ చూసినా నేను. పూజారి ఉండాడు. వంటాయన ఉండాడు. ఎవరో ముసలాయన, మాకెవరికీ తెలీదు, ఆయన కూడా నాలుగు ఫోటోల్లో ఉండాడు. నువ్వు యాడుండావు?"

"నేను తీస్తాంటి కదక్కా."

"పిల్లల కోసం కర్నూలు ఆస్పత్రికి పోయినప్పుడల్లా నా వెంట వచ్చింది ఎవరు? మందులచీటీ పట్టుకుని లైన్లో నిలబడింది ఎవరు? ఈసారి కూడా కాలేదని వాళ్ళు చెప్తే, బస్సులో నాకంటే ముందు ఏడ్చింది ఎవరు? రేపు ఆ పిల్ల పెద్దదై, మామ ఆ రోజు రాలేదా అమ్మా అంటే ఏం సూపియ్యల్ల నేను?"

ఫోనును రెండో చెవికి మార్చుకున్నాను.

"ఫిబ్రవరి ఒకటి, ఆదివారం. చెవులు కుట్టిస్తాండాం. మేనమామ ఒళ్ళోనే కూర్చోబెట్టి కుట్టాల. కెమెరా తెస్తావో తేవో నీ ఇష్టం. ఒళ్ళో మాత్రం ఏం పెట్టుకుని రాబాకు."

ఫోను పెట్టేసింది. రెండు రోజులు చూశాను పాపను. అదీ కెమెరా రంధ్రంలోంచే. ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు.

నవంబరు 20, గురువారం. ఉదయం 6.00

అటక ఎక్కి డబ్బా దించాను. భారతి నిచ్చెన పట్టుకుంది. పట్టుకుని ఒకసారి ఊపింది.

కొత్త ప్రతిజ్ఞ: ఈ రోజు నుంచి రోజూ ఒక గంట. డెబ్బై మూడు రోజులుంది. ఈసారి నేర్చుకునేది టైమరు. బటను నొక్కితే పది సెకండ్లకు కెమెరా తనంతట తానే ఫోటో తీస్తుంది. ఆ పది సెకండ్లలో నేను పరుగెత్తి, కుర్చీలో కూర్చుని, పాపను ఒళ్ళోకి తీసుకోవాలి. పాపకు బదులు దిండు.

ఒకటో ఫోటో: ఖాళీ కుర్చీ.

రెండో ఫోటో: కుర్చీ, నా వీపు.

మూడో ఫోటో: భారతి. వంగి వంగి నవ్వుతోంది. నేను లేను.

నాలుగు, ఐదు: చెప్పుకోదగినవి కావు. మోకాలికి దెబ్బ.

ఆరోదానికి ముందు భారతి వచ్చి, "దిండును అట్ల మెడ కాడ పట్టుకుంటే బిడ్డ జారిపోతాది" అని సరిగ్గా పడుకోబెట్టింది. తల నా ఎడమ మోచేతి మీద, కుడిచెయ్యి కింద నుంచి ఆసరా. "ఇప్పుడు కదలబాకు. బటను నేను నొక్కుతా" అంది.

ఆరో ఫోటో: కొంచెం వంకరగా వచ్చింది. కళ్ళు మూసుకుపోయాయి. కానీ నేనున్నాను.

అక్కకు పంపాను.