ఉడికిన విత్తనం

ఢిల్లీ,
మాఘమాసం

అక్క పాదాలకు తమ్ముడు నర్సయ్య దండం పెట్టి రాసేది. నేను బాగానే ఉన్నాను. నీ మోకాళ్ళ నొప్పి, బావ దగ్గు ఎట్లా ఉన్నాయో రాయించు. ఇక్కడ చలి ఎముకలు కొరుకుతోంది. తెలుగు మాట చెవిన పడి నెలయింది. అయినా నా గురించి ఫికరు పడకు, బాగానే ఉన్నాను.

నువ్వు పంపిన పసుపు కొమ్ముల సంగతి. బావి అడుగంటిన ఏడు, ఎండకు మాడిన మూలలో లేచిన వింత మొక్కలను వేరుగా పెంచుతూ వచ్చావు. "ఆకు మందంగ ఉంది తమ్మీ, కొమ్ము గూడ లావుగ ఊరింది. గిదే విత్తనానికి ఉంచుత, పాతదంత ఉడకబెట్టి ఆర్మూర్ల అమ్ముత" అని రాయించావు. బలిసినదాన్నే విత్తనానికి ఉంచడం మన ఆనవాయితీ, నిన్ను అని ఏం లాభం?

ఈ చలికి ఆ కొమ్ములు వేర్లు వేయడానికే చాలా రోజులు పట్టింది. మొన్న వేరు కొసలు కోసి, రంగు వేసి, మా ప్రయోగశాల సూక్ష్మదర్శినిలో చూశాను. కణం రెండుగా చీలే ముందు క్రోమోజోములను రెండింతలు చేసుకుంటుంది. అన్నదమ్ములు వాటాలు వేసుకుని నడుమ గోడ కట్టుకున్నట్లే. వీటిలో వాటాలు పడ్డాయి, గోడ లేవలేదు. అంతా ఒక్క కణంలోనే ఉండిపోయింది. మొలక కొసకు గట్టి ఎండదెబ్బ తగిలితే ఇట్లా కావచ్చన్నారు మొక్కల మీద పరిశోధన చేసే మా డాక్టరుగారు. ఆయన కుండీల్లో ఇట్లాంటివి ఉన్నాయి. ఆకు బలుస్తుంది గానీ ఎదుగుదల మందగిస్తుంది, కొమ్ము ఎండితే తూకం రాదు. పసుపుకు గింజ లేదు కదా, కొమ్ములో చేరిన లోపం ఏటా ఆ కొమ్ముతోనే మొలుస్తుంది.

పాతది ఉడకబెట్టొద్దని రాయబోతుంటే నీ కార్డు వచ్చింది. "అంత ఉడకబెట్టినం, కళ్ళంల ఎండుతున్నది" అని. ఏడుపొచ్చిందక్కా.

కమ్మర్‌పల్లి మామను విత్తనం అడుగు, ఇస్తాడు. సేద్యం ఆగదు. కానీ అది మామ పసుపు. నీ ఒడిబియ్యంలో అమ్మ ఎండు కొమ్ములతో పాటు పచ్చివీ పోసింది, "నాటుకో బిడ్డా" అని. ముక్క నుంచి ముక్కగా, అమ్మ పోయినా అమ్మ ఇచ్చిన మొక్కే ఇన్నేళ్ళూ నీ చేనులో బతికింది. ఆ మూలదీ అమ్మదే, కానీ ఎండ దాన్ని మార్చేసింది.

బావకు, అత్తమ్మకు నా దండాలు చెప్పు. పాత మడిలో గడ్డపారకు తప్పిన కొమ్ము ఒక్కటైనా మట్టిలో ఉందేమో, చేతులతో వెదుకు అక్కా. దొరికితే పొయ్యి దగ్గరికి తేకు.

నీ దీవెన కోరే తమ్ముడు,
నర్సయ్య