తూర్పు వైపు అద్దాల గది

విశాఖపట్నం, మల్కాపురంలో కాపురముంటున్న గొర్లె పైడితల్లి అను నేను, కీర్తిశేషులు గొర్లె జగ్గారావు గారి భార్యను, అరవై దాటినదానను, మోకాళ్ళు తప్ప మిగిలినవన్నీ నా మాట వింటున్న స్థితిలో, జ్ఞాపకం చెడకుండా, ఎవరి ఒత్తిడికీ ఎవరి మొహమాటానికీ లొంగకుండా చెప్పి రాయించిన వీలునామా ఇది. ఇంతకు ముందు నేను మరే వీలునామా రాయలేదు. ఎవరైనా చూపిస్తే అది నాది కాదు.

నా చదువు అయిదో తరగతితో ఆగింది. అందుచేత దస్తావేజులు రాసే గురునాథరావు గారి చేత రాయిస్తున్నాను. ఏ ఆస్తి ఎవరికో చెబితే చాలు, కథలెందుకని ఆయన అన్నారు. కారణం నేను చెప్పకపోతే నా తర్వాత తలొకరూ తమకు తోచిన కారణం చెబుతారు. అందుకని చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. రాస్తున్నారు.

1. మల్కాపురంలోని నా పెంకుటిల్లు, దాని ఖాళీ స్థలం, ఇంటికి తూర్పున కట్టిన అద్దాల గది పూర్తిగా నా సొంతం. ఆనందపురం దగ్గర నా పుట్టింటివారు నాకిచ్చిన మెట్టభూమిలో కొంత అమ్మి ఈ స్థలం నా పేరున కొన్నాము. ఇల్లు నా భర్త పోర్టులో క్రేను నడిపిన సంపాదనతో కట్టారు. బతికుండగానే ఆ హక్కు కూడా నాకు రాసి రిజిస్టరు చేశారు. ఇందులో మా అత్తింటివారి ఉమ్మడి సొత్తు ఏమీ లేదు. ఈ ఒక్క వాక్యం మా మరిది సన్యాసిరాజు కోసం రాయిస్తున్నాను. తొందరపడకుండా చదువుకోమని మనవి.

2. నాకు ఇద్దరు పిల్లలు. కూతురు పాపాయమ్మ ఆనందపురంలో భర్తతో, పిల్లలతో సుఖంగా ఉంది. కొడుకు శ్రీరామ్మూర్తి 1976లో డ్యూటీ నుంచి మోటారు సైకిలు మీద వస్తుండగా లారీ గుద్ది పోయాడు. అతని భార్య నాగమణి. వారికి సంతానం లేదు. పదోరోజున బంధువులందరూ ఉండగానే మా మరిది, "పిల్లని పుట్టింటికి అంపేయ్ వదినా. ఇంకేటి పనుంది దానికిక్కడ?" అన్నాడు. ఆ పిల్లకు తల్లీ తండ్రీ లేరు. అన్న ఉన్నాడు గాని అతను ఆ పూట భోజనం కాగానే బస్సెక్కేశాడు. నాగమణి చేతికి బియ్యం డబ్బా తాళం ఇచ్చాను. మరిదికి అదే నా జవాబు.

3. అద్దాల గది ఎందుకు కట్టించానో ఇక్కడ చెప్పాలి. కొడుకు పోయాక నాగమణి వంటింటి వెనక గదిలో గోడకు మొహం పెట్టి కూర్చునేది. ఆ గదికి కిటికీ లేదు. పిలిస్తే వచ్చేది, పని చేసేది, మళ్ళీ వెళ్ళి అక్కడే కూర్చునేది. ఏడాది గడిచినా అంతే. నాకు ఓదార్చడం రాదు. ఒకరోజు దాని పెట్టెలో డ్రాయింగు సామాను కనబడింది. పెళ్ళికి ముందు కాకినాడలో పాలిటెక్నిక్ చదివి ఇళ్ళ ప్లానులు గీయడం నేర్చుకుంది. ఆ సామాను తెచ్చి దాని ముందు పెట్టి, "తూర్పు పెరట్లో నాకో గది గీసిపెట్టు. మల్లిమొక్కలు బతకాల, నాను కూకోవాల" అన్నాను.

మా పెరట్లో మల్లెలు బతికేవి కావు. ఒకవైపు సముద్రపు ఉప్పుగాలి, ఒకవైపు ఆయిల్ రిఫైనరీ మసి. మొగ్గ తెల్లగా పుట్టి నల్లగా విచ్చుకునేది. ఆనందపురం పూలతోటల్లో పెరిగినదాన్ని, అది చూడలేకపోయేదాన్ని. అదీ నిజమే. కానీ చీకటి దూరే సందులేని గది ఒకటి నా ఇంట్లో ఉండాలన్నది అసలు కోరిక. అది నాగమణికి అప్పుడు చెప్పలేదు. ఈ కాగితం చదివాక తెలుస్తుంది.

4. కొన్నాళ్ళు నాగమణి డ్రాయింగు కాగితం ముట్టలేదు. తర్వాత ఒక పొద్దున పెరట్లో తాడు పట్టుకుని కొలుస్తూ కనబడింది. నేను చూడనట్టు లోపలికి వచ్చేశాను.

పోర్టులో పనిచేసే వాళ్ళెవరో ఓడ నుంచి తెచ్చిన ఇంగ్లీషు పత్రికలో ఒక దొరల ఇంటి అద్దాల గది బొమ్మ ఉంది. అది చూసి, "ఇది మంచు కురిసే ఊళ్ళకి అత్తా. మనకి పనికిరాదు" అని పక్కన పెట్టేసి తన గది తాను గీసుకుంది. సన్నని టేకు చట్రాలు. నేల నుంచి చూరు దాకా అద్దాలు. ఈశాన్యం మూలలో స్తంభం లేకుండా అద్దానికి అద్దం కలిసేలా పెట్టింది, అక్కడ కూర్చుంటే హార్బరులో ఓడల పొగగొట్టాలు కనబడతాయి. నేలకు నలుపూ తెలుపూ మొజాయిక్. కుండీలకు మెట్ల బల్ల. నాకు పైనుంచి వేలాడే పేము కుర్చీ. మల్కాపురంలో అలాంటిది ఎవరూ చూసి ఉండలేదు. పనిచేసినది పాతఊరి వడ్రంగి హుస్సేన్ బాషా. విరగ్గొట్టిన ఓడల పాత టేకు తెచ్చి చెక్కాడు. ఇనుప బందులు ఉప్పుగాలికి తుప్పు పడతాయని నాగమణి ఇత్తడివి కావాలంది. అద్దాలు బిగించే రోజున వీధి వీధంతా మా ప్రహరీ మీదే ఉంది. మా మరిది కూడా వచ్చి, "ఇదేటి వదినా, సేపల తొట్టా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాగమణి నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

5. ఆ మే నెలలో గది కుంపటి అయింది. పైకప్పు కూడా అద్దమే కావడంతో మొక్కలన్నీ ఉడికిపోయాయి. నా కుర్చీ చేతులు ముట్టుకుంటే కాలేవి. నాగమణి ఆ ఎండిన కుండీల మధ్య నేల మీద కూలబడి, "నా వల్ల అవదు అత్తా. తీయించేద్దాం. ఏటి ముట్టుకున్నా సస్తంది" అంది. మాట మొక్కల గురించి కాదని నాకు తెలుసు. దాని పక్కనే కూర్చున్నాను. ఆ వేడికి ఇద్దరికీ చెమటలు కారిపోతున్నాయి. "మొక్క సస్తే ఇంకో మొక్క ఎడతాం. నువ్వు సంపినావా ఏటి దాన్ని? ఎండ సంపింది. ఎండకేటి సెయ్యాలో ఆలోసించు" అన్నాను. అప్పుడు ఏడ్చింది. కొడుకు పోయాక అది గొంతెత్తి ఏడవడం అదే మొదలు. నారాయణమ్మ పక్కింట్లోంచి పరిగెత్తుకొచ్చింది గాని, ఏమీ లేదు పొమ్మన్నాను.

మర్నాడు అగరొత్తి వెలిగించి పట్టుకుని గదంతా తిరిగింది. పొగ ఎటు పోతోందో చూసింది. పొగ పైకెక్కి అక్కడే సుడి తిరుగుతోంది. పైకప్పులో ఎక్కువ భాగం తీయించి పెంకు వేయించింది, వెలుతురుకు తూర్పు అంచున మాత్రం అద్దం ఉంచింది. కప్పు కింద పొడుగునా తెరుచుకునే రెక్కలు పెట్టించింది. కింద, నేలకు ఆనుకుని జాలీలు. వేడి పైనుంచి పోతుంది, చల్లగాలి కిందనుంచి వస్తుంది. మసి పడకుండా జాలీలకు పల్చని గుడ్డ, అది వారానికోసారి ఉతుకుతాము. పై రెక్కలు లాగడానికి బాషా పడవల తాడు కట్టాడు. ఆ ఏడు వానలు పడ్డాక పెట్టిన మల్లె మరుసటి వేసవికి పూసింది. తెల్లగా. మొదటి మాల కట్టి నాగమణి జడలో నేనే పెట్టాను. వీధిలో ఎవరేమనుకున్నారో నాకు అనవసరం.

6. పై కారణాల చేత, నా తదనంతరం ఒకటో అంశంలో చెప్పిన ఇల్లు, స్థలం, అద్దాల గది, అందులోని కుండీలు, పేము కుర్చీ, డ్రాయింగు బల్లతో సహా నా కోడలు నాగమణికి సర్వహక్కులతో చెందాలి. అమ్ముకోవడానికీ, దానం చెయ్యడానికీ, అద్దెకిచ్చుకోవడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. గది పడగొట్టి మరొకటి కట్టుకోవాలనిపించినా దానిష్టం. గీసినది అదే.

7. నాగమణి తిరిగి పెళ్ళి చేసుకున్నా పై హక్కులో రవ్వంత కూడా తగ్గదు. ఈ మాట విడిగా రాయిస్తున్నందుకు కారణం ఉంది.

మా గది చూసి మొదట నారాయణమ్మ వరండాకు అద్దాలు పెట్టించుకుంది. తర్వాత ఒకరి నుంచి ఒకరికి తెలిసి, ఊళ్ళో పెద్ద పెద్ద ఇళ్ళవాళ్ళు కూడా నాగమణి చేత గదులు గీయించుకుంటున్నారు. అలా వచ్చినవాడే గురువులు. స్టీలు ప్లాంటు కట్టుబడిలో పనిచేస్తాడు. భార్య జబ్బు చేసి పోయింది. మంచం దిగలేని తల్లికి బయటి చెట్లు కనబడాలని, అద్దెకున్న ఇంటివాళ్ళను ఒప్పించి, ఒక అద్దాల వరండా అడగడానికి వచ్చాడు. వరండా అయిపోయింది. అయినా అతను ఏదో ఒక రెక్క బిగుసుకుపోయిందని వస్తూనే ఉన్నాడు. బాషా చేసిన రెక్క బిగుసుకోదు. చివరికి ఒక ఆదివారం చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చి నా ఎదురుగా నిలబడి, "ముందు మిమ్మల్నడగాలని వచ్చానండి" అన్నాడు. "నన్నేటడుగుతావు బాబూ? అది లోపలుంది. ఎల్లి దాన్నే అడుగు" అన్నాను. లోపల ఏం మాట్లాడుకున్నారో వినలేదు. వినబడలేదు అంటే సరి. అతను వెళ్ళాక నాగమణి వచ్చి, "నాను ఎల్లిపోతే మొక్కలకి నీళ్ళెవులు పోత్తారత్తా?" అంది. మొక్కలంటే నేనే. "ఆడికి సొంతిల్లు నేదు గదా, అద్దిల్లే గదా. తల్లితో ఇక్కడికే వచ్చీమను. ఆవిడికీ ఓడలు కనపడతాయి" అన్నాను. వచ్చే మాఘమాసంలో పెళ్ళి.

ఇది తెలిసి మా మరిది మరో ఇద్దరు పెద్దమనుషులతో వచ్చాడు. "పెళ్ళి సేసుకుంటే సేసుకోనీ వదినా, నాను వద్దన్ను. ఇల్లు మాత్రం మనింటి పేరున ఉండాల" అన్నాడు. ఆ సాయంత్రమే గురునాథరావు గారికి కబురు పెట్టాను.

8. ఆనందపురంలో మిగిలిన మెట్టభూమి, నా రెండు పేటల గొలుసు, చేతి మురుగులు నా కూతురు పాపాయమ్మవి. ఇల్లు కూడా కూతురికే రావాలని అల్లుడికి ఉంది. ఉండడం తప్పు కాదు. పాపాయమ్మను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగాను. "అన్నయ్య ఉంటే ఇల్లు ఆడిదే గదా అమ్మా. ఆడు నేడని వదిన్ని ఈదిలో పెడతావా? నాకు వేసవికి మల్లిపూలు అంపితే సాలు" అంది. నా కడుపున పుట్టినందుకు దానికి నేను రుణపడ్డాను. వేసవిలో దానికి మల్లెలు పంపే పని నాగమణిది. ఆనందపురంలో పూలు లేక కాదు.

9. నా భర్త చేతి గడియారం మరిది సన్యాసిరాజుకు. చిన్నప్పుడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని అన్న పక్కనే నిద్రపోయేవాడని మా అత్తగారు చెప్పేవారు. అతని మీద నాకు కోపం ఉంది. అన్న మీద అతనికున్న ప్రేమ మీద కోపం లేదు.

10. నా కుట్టుమిషను హుస్సేన్ బాషా భార్య రషీదాకు. నా మోకాళ్ళు దాన్ని తొక్కనివ్వడం లేదు. ఆమె రంజాను నాడు పంపే సేమ్యా పాయసానికి ఇది బదులు కాదు, దానికి బదులు లేదు.

11. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత నా భర్తతో పోర్టులో పనిచేసిన భీమశంకరరావు గారిది. ఆయన ఒప్పుకున్నారు.

12. చివరిది. నాగమణిని ఈ దస్తావేజులో ఏమని రాయాలన్న పేచీ వచ్చింది. రేపు పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది, "కోడలు" అని ఉంటే కోర్టులో ఎవరైనా అడ్డం తిరగవచ్చు, "దివంగత కుమారుని పూర్వపు భార్య" అని రాద్దామని గురునాథరావు గారు అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. "కూతురని రాయండి, ఒగ్గీండి" అన్నాను. డ్రాయింగు బల్ల దగ్గర ఉన్న నాగమణి తల కూడా ఎత్తకుండా, "కూతురొద్దత్తా. కూతురైతే ఎల్లిపోవాల. కోడలైతే ఉండిపోవొచ్చు" అంది. గురునాథరావు గారు కలం కింద పెట్టి కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

కాబట్టి, గొర్లె నాగమణి ఎవరిని పెళ్ళాడినా, ఏ ఇంటిపేరు పెట్టుకున్నా, ఈ దస్తావేజులో ఆమె నా కోడలు. కోర్టువారు కూడా అలాగే చదువుకోవాలి.

ఇది నాకు చదివి వినిపించగా విని, సరిగ్గా ఉన్నదని ఒప్పుకుని, సాక్షుల ఎదుట నా చేత్తో సంతకం చేశాను.

మల్కాపురం, విశాఖపట్నం
1984 జనవరి 20, శుక్రవారం

(సంతకం) గొర్లె పైడితల్లి

సాక్షులు:
1. నారాయణమ్మ, పక్కింటి కాపురస్థురాలు
2. నిసార్, పాతఊరిలో గాజు వ్యాపారం

దస్తూరి: గురునాథరావు