జూలై ఒకటిన పుట్టినవాళ్లు

1 జూలై 2002, సోమవారం

అలవాటు ప్రకారం పొద్దున్నే బోర్డు మీద 'ఈ రోజు విశేషాలు' రాశాను. హాంకాంగ్ తిరిగి చైనా చేతికొచ్చి ఐదేళ్లు. డాక్టర్ల దినోత్సవం, ఒక గొప్ప డాక్టరు పుట్టిందీ పోయిందీ కూడా ఇదే తేదీన. సుద్దముక్క కింద పెట్టేలోపే ఐదో తరగతి నీలవేణి లేచింది.

"మేస్టారూ, మా కలాసులో ఇరవైమందిమి ఇయ్యేలే పుట్టినాం కదా. మా పేర్లు రాయరేటి?"

పిల్లలంతా నవ్వారు. నాకు నా మీదే ఒళ్లు మండింది. సముద్రంలో చేపల వేటకెళ్లే వాళ్లకి తేదీలేం గుర్తుంటాయిలే అని, బళ్లో చేర్చుకునేటప్పుడు ఐదేళ్లు వెనక్కి లెక్కేసి అందరికీ జూలై ఒకటే వేసింది నేనే. మేస్టర్లంతా చేసేదే కదా అనుకున్నాను. ఇప్పుడేమైంది? పలాస వెళ్లి నా చేత్తో ఇచ్చొచ్చిన నీలవేణి గురుకులం దరఖాస్తు, వయసు రెండు నెలలు ఎక్కువైందని మొన్న తిరిగొచ్చింది.

సాయంత్రం ఒడ్డున వల బాగుచేసుకుంటున్న వాళ్లమ్మ దగ్గరికెళ్లాను. పిల్ల ఎప్పుడు పుట్టిందో ఏమైనా గుర్తుందా అని అడిగాను. ఆవిడ తలెత్తకుండానే చెప్పింది.

"నాగులసవితి మర్నాడు, పొద్దు పొడిసినప్పుడు. ఆళ్ల నాన్న ఏటకెల్లిపోనాడు."

అంటే కార్తీకం. నేను వేసిన తేదీకి నాలుగు నెలల తర్వాత. ఆ లెక్కన దరఖాస్తు చెల్లేదే! "మరి చేర్చిన రోజున చెప్పలేదేం?" అని ఆవిడ మీదే విసుక్కున్నాను.

"మీరు అడగనేదు కదా, బావూ."