బానెట్ అవతలి మనిషి

చిట్టికి,

కుశలమని రాయడం ఆనవాయితీ. ఆ వాక్యం ఎంతకీ రాకపోవడంతో వదిలేసి, నువ్వడిగిన విషయానికి వస్తున్నాను.

చివరి రోజు మామూలుగానే మొదలైంది. మీ అక్క టీ తాగి, షెడ్డులోకి వెళ్ళి కారు బానెట్ ఎత్తి చూసింది. "కూలెంట్ కింది గీతకి దిగిపోయింది. వచ్చేటప్పుడు తెస్తా," అంది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. నన్ను గ్రంథాలయం దగ్గర దింపి తన కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళింది. మధ్యాహ్నం మళ్ళీ ఎక్కించుకుంది. కొత్త అద్దాలు పెట్టుకున్న ఒకాయన ఎదురుగా ఉన్న భార్యను చూసి "ఈవిడెవరు?" అన్నాడట. అది చెప్పి దారంతా నవ్వింది. ఇంటికి వచ్చాక అలసటగా ఉందని సోఫాలో ఒరిగింది. మంచినీళ్ళు అడిగింది. నేను తెచ్చేసరికి వాటి అవసరం తీరిపోయింది. గుండె అన్నారు డాక్టరు.

ఇంతకు మించి ఏమీ జరగలేదు.

మీ బావ

తా.క.: ఆ రోజు ఆమె కొన్న కూలెంట్ క్యాను వెనక సీట్లో అలాగే ఉంది. పారేయలేను. ఎక్కడ పొయ్యాలో తెలియదు. డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నదానివి, నువ్వే చెప్పాలి.

*

బావగారికి,

మీ మరదలి నమస్కారాలు. ఉత్తరం చదివి ఏడ్చాను. తా.క. చదివి నవ్వాను. స్టీరింగ్ ముందు కూర్చున్న నా శిష్యుడు బెదిరిపోయి "మేడమ్, ఇప్పుడు ముందుకా, వెనక్కా?" అన్నాడు. మా ఇంట్లో ఎవరికీ తెలియని సంగతే అడిగాడు పాపం.

ఇక వినండి. రేడియేటర్ పక్కన తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. దాని ఒంటి మీద రెండు గీతలుంటాయి. పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. గీతల మధ్యలో ఉంటే చాలు. తగ్గితే డబ్బా మూత తీసి క్యానులోది కొంచెం పొయ్యండి. పై గీత మాత్రం దాటకూడదు. వేడి మీద రేడియేటర్ మూత జోలికి వెళ్ళొద్దు, మొహాన ఉమ్ముతుంది. సాయంత్రం ఓసారి స్టార్ట్ చేసి కాసేపు ఉంచండి, లేకపోతే బ్యాటరీ అలిగి పడుకుంటుంది.

నడపమని అనడం లేదులెండి. మీ లైసెన్సు చేతికొచ్చిన రోజు నుంచి పక్క సీటు దిగని మనిషి మీరు!

వేళకి తినండి.

చిట్టి

తా.క.: మీ పక్కింటి కాంపౌండరుగారికి కూడా ఓ ముక్క రాస్తున్నాను, కారుని కాస్త కనిపెట్టి ఉండమని. ఆయన జీవితమంతా మందులు కొలిచారు. మీరు జీవితమంతా భూపటాలు గీశారు. మీ ఇద్దరి చేతుల్లో పడి ఆ కారు బతికి బట్టకడితే అదే పదివేలు.

*

చిట్టికి,

చెప్పినట్టే చేశాను. గీతల మధ్య అన్నావు. మధ్య అనేది కొలత కాదు. అందుకని సరిగ్గా పై గీతకు పోశాను, వెంట్రుకవాసి తేడా లేకుండా. మర్నాడు పొద్దున చూస్తే తగ్గింది. మళ్ళీ పోశాను. మళ్ళీ తగ్గింది. ఇప్పుడిది దినచర్య అయింది. కారుతోందేమోనని కారు కింద డ్రాయింగు కాగితాలు పరిచాను. అవి తెల్లగానే ఉన్నాయి.

సాయంత్రం పక్క సీట్లోంచే చెయ్యి చాపి తాళం తిప్పుతున్నాను. మీ అక్క సీట్లో కూర్చోను. ఇంజన్ ఆపాక బానెట్ ఎత్తి, చల్లారేదాకా కారులోనే ఉంటాను. బానెట్ లేచి ఉంటే ముందు అద్దంలో వీధి కనిపించదు, దాని అంచు చుట్టూ సన్నగా వెలుతురు తప్ప. ఇంజన్ వేడి మెల్లగా లోపలికి వస్తుంది. లోహం చల్లబడుతూ టిక్కు టిక్కుమంటుంది. కళ్ళు మూతపడతాయి. అప్పుడు కారు కదులుతుంది. దారికి రెండు వైపులా నేను గీసిన నదులే ఉంటాయి, కాని వాటిలో నీళ్ళుంటాయి. పక్కన ఎవరు నడుపుతున్నారో తల తిప్పి చూడను. చూస్తే ఆగిపోతుందని తెలుసు.

ఆ మగతలోనే బానెట్ అవతల ఎవరో నిలబడ్డట్టు ఉంటుంది. డబ్బా మూత తిరిగిన చప్పుడు. తర్వాత ఒక చిన్న నిట్టూర్పు. మీ అక్క కూడా మూత బిగించాక అలాగే నిట్టూర్చేది.

మీ బావ

తా.క.: ఆకుపచ్చ కూలెంట్ అయిపోయింది. దుకాణంలో గులాబీ రంగుది ఇచ్చారు. అదే పోశాను. ఇప్పుడు డబ్బాలో రంగు పటాల్లో బురదనేలకి వాడేదానిలా ఉంది.

*

అయ్యో బావగారూ,

నమస్కారం తర్వాత పెడతాను. రెండు రంగులు కలిపారా! ఏ రకానికి ఆ రకమే పొయ్యాలి. కలిస్తే లోపల జిగట కడుతుంది. పాతదంతా తీసేసి, కడిగి, కొత్తది పొయ్యాల్సిందే. తీసినదాన్ని మాత్రం కాలవలో పారబొయ్యకండి. విషమని తెలియక పిల్లులు తాగి చస్తాయి.

అది అలా ఉంచండి. కింద పడకుండా రోజూ తగ్గుతోందంటే అర్థం తెలుసా? ఇంజన్ తాగేస్తోంది. లోపల హెడ్ గ్యాస్కెట్ అని పల్చటి రేకు ఉంటుంది, అది పోయిందన్నమాట. ఇక ఇంజన్ మొత్తం విప్పాలి. పొగగొట్టంలోంచి తెల్లటి పొగ వస్తోందా? నిజం చెప్పండి.

దానికన్నా నాకు భయం వేస్తున్నది ఇంకొకటి. బానెట్ అవతల ఎవరూ ఉండరు, బావా. మా అక్క చచ్చినా మీ వెనక ఉంటుంది కాని అవతల ఉండదు.

చిట్టి

తా.క.: కాంపౌండరుగారు జవాబు రాశారు. "మీ మాట ప్రకారం కారుకి ఏ లోటూ రానివ్వడం లేదు. మీ బావగారు మాత్రం డ్రైవరు లేని కారులో రోజూ ప్రయాణం చేస్తున్నారు. ముఖం చూస్తే చాలా దూరం వెళ్తున్నట్టుంది" అని. దీనికి నన్నేమనుకోమంటారు?

*

చిట్టికి,

పొగ వస్తోంది. మొదట తెల్లగా వచ్చి కాసేపటికి పోతుంది. నా నోట్లోంచి కూడా ఈ చలికి అంతే వస్తోంది. నా గ్యాస్కెట్ సంగతి ఎవరూ అడగలేదు.

ఇంజనుకు దాహమైతే తాగనీ. పోసేవాణ్ణి నేనున్నాను.

చదువుకున్నవాణ్ణి. దయ్యాలు లేవని నాకు తెలుసు. కాని చప్పుడు విన్నాను. నిన్న కూడా విన్నాను. డబ్బా పైకంటా నిండిన రోజునే ఆ చప్పుడు వస్తుంది. మొన్న పొయ్యడం మరిచాను. ఆ సాయంత్రం ఎవరూ రాలేదు. కాబట్టి మరవకుండా పోస్తున్నాను.

ఇందులో నీకు భయపడాల్సిందేమీ కనిపించకూడదు.

మీ బావ

తా.క.: కాంపౌండరుగారు పొద్దున గోడ మీంచి "ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగారు. బాగుందన్నాను. "మిమ్మల్ని కాదండీ, కారుని," అన్నారు.

*

బావగారికి,

నమస్కరించి, ఎదిరించి రాస్తున్నాను.

ఆదివారం మా స్కూలు ట్రక్కుతో వస్తున్నాను. కారుని ఎక్కించుకుపోతాను. ఇంజన్ విప్పించి, బాగైతే ఇక్కడ పిల్లలు నేర్చుకోవడానికి వాడతాను. ఈ నిర్ణయానికి మీ అనుమతి అడగడం లేదు. మీరు ఆ షెడ్డులో కూర్చుని మెల్లమెల్లగా అక్క వెనకే పోతున్నారు. నేను చూస్తూ ఊరుకోలేను. ఒకరిని పోగొట్టుకున్నాను, చాలు.

నాకు మాత్రం బాధ లేదనుకోకండి. అక్క నా పక్కన కూర్చుని నేర్చుకున్న కారు అది. మొదటి రోజు గేరు మార్చమంటే వైపరు వేసింది. ఎండలో లేని వానని తుడుచుకుంటూ పోయాం ఇద్దరం, నవ్వలేక చచ్చాం.

నడిపే మనిషి ఉన్న కారుని నేను ముట్టుకోను. నడపని కారు షెడ్డులో ఉంటే అది కారు కాదు, సమాధి. కోపగించుకోండి. ఫరవాలేదు.

చిట్టి

తా.క.: మీకు కోపం వస్తే ఉత్తరం ఇంకా పొట్టిగా రాస్తారని అక్క చెప్పేది. ఒక్క మాటయినా రాయండి. ఖాళీ కవరు మాత్రం పంపకండి.

*

చిట్టికి,

ట్రక్కు తేవద్దు.

నిన్న సాయంత్రం ఎప్పటిలాగే ఇంజన్ ఆపి బానెట్ ఎత్తి కూర్చున్నాను. నీ ట్రక్కు వల్ల నిద్ర పట్టలేదు. అవతల మూత తిరిగింది. ఇన్నాళ్ళూ ఆ చప్పుడు రాగానే కళ్ళు ఇంకా గట్టిగా మూసుకునేవాణ్ణి. దిగి చూస్తే ఏమీ ఉండదని భయం. ఆదివారం తర్వాత ఎలాగూ వినపడదు కదా అనిపించి దిగాను. చుట్టూ తిరిగి వెళ్ళాను.

కాంపౌండరుగారు. చేతిలో పెద్ద సిరంజీ. సూది బదులు సన్నటి గొట్టం. చంకలో సీసా.

"ఏం చేస్తున్నారు?" అన్నాను.

"మీరు పడుకోండి సార్, అయిపోవచ్చింది."

"నా కారుకి ఇంజక్షన్ ఇస్తున్నారా?"

"ఇవ్వడం లేదండీ, తీస్తున్నాను. పై గీత దాటితే తీసెయ్యమని మీ మరదలుగారి ఆర్డరు. డోసు మించితే మందే విషం కదండీ!"

"రోజూ తీస్తున్నారా?"

"మీరు రోజూ మించి పోస్తుంటే తియ్యనా మరి? ఒక్కపూట మానారు, హమ్మయ్య బుద్ధొచ్చింది అనుకున్నా. మర్నాడు మళ్ళీ మొదలు!"

"నేను గీతకే పోస్తున్నానండీ. పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు."

ఆయన సిరంజీ దించారు. "చల్లగా ఉన్నప్పుడా?" అన్నారు. "ఆవిడ చల్లగా అని రాయలేదే!"

ఇద్దరం డబ్బా వంక చూస్తూ నిలబడ్డాం. వేడికి పైకి లేచిన నీరు మా కళ్ళెదుటే నెమ్మదిగా దిగుతోంది. చల్లగా ఉన్నప్పుడు చూడాలని నాకు రాశావు. గీత దాటనివ్వొద్దని ఆయనకు రాశావు. మాట సగం సగం పంచావు. మేమిద్దరం కొలతలకి కట్టుబడ్డవాళ్ళం. పొద్దున పోసింది నేను, సాయంత్రం తోడింది ఆయన. ఇంజన్ ఒక్క చుక్క కూడా తాగలేదు. గ్యాస్కెట్ నిక్షేపంగా ఉంది.

"మరి నన్ను లేపలేదేం?" అని అడిగాను.

"ఎలా లేపుతానండీ? మీ మొహం చూస్తే ఎక్కడికో పోతున్నట్టుంటుంది. పోతున్నవాణ్ణి దారి మధ్యలో దింపడం న్యాయం కాదనిపించి, ఉసూరుమని వెళ్ళిపోయేవాణ్ణి," అన్నారాయన.

ఆ నిట్టూర్పు ఆయనది.

నాకు వెంటనే నవ్వు రాలేదు. షెడ్డు గోడకు ఆనుకుని కాసేపు ఉన్నాను. ఆయన వెళ్ళిపోలేదు. తర్వాత నవ్వు వచ్చింది. ఆయన నా భుజం పట్టుకునేదాకా అది నవ్వేనని అనుకున్నాను.

ఈ పూట ఇద్దరం పాత కూలెంట్ మార్చాం. ఇంజన్ చల్లగా ఉందని ఇద్దరం చెయ్యి పెట్టి చూశాం. రేడియేటర్ అడుగున మరను వదులు చేసి బురద రంగునంతా బేసిన్‌లోకి దింపాం. డిస్టిల్డ్ వాటర్‌తో తేటగా వచ్చేదాకా కడిగాం. ఆకుపచ్చది తెప్పించి మెల్లగా పోశాం. లోపలి గాలి పోవడానికి హీటరు పూర్తిగా పెట్టి ఇంజన్ నడిపాం. బుడగలు ఒక్కొక్కటే వచ్చి పగిలాయి, నిద్రలో ఎవరో మాట్లాడినట్టు. చల్లారాక, తగ్గినంత పోశాం. గీతల మధ్యలో ఉంది. కొలవలేదు.

దయ్యం లేదని తేలింది. తేలకపోయినా ఏమనుకునేవాణ్ణి కాదు.

ఆదివారం నువ్వు రా. రైల్లో రా. స్టేషనుకు కారు తీసుకుని నేనే వస్తాను.

మీ బావ

తా.క.: కాంపౌండరుగారు ఇన్నాళ్ళూ తోడిన కూలెంట్‌ను సీసాల్లో పోసి, బిరడాలు బిగించి, పిల్లులకు అందకుండా బీరువా పైన పెట్టారు. ప్రతి సీసా మీదా చీటీ ఉంది: "బయటి వాడకానికి మాత్రమే. వాడే ముందు కుదుపవలెను." వాటినీ, బేసిన్‌లోదాన్నీ మెకానిక్ షాపువాళ్ళు తీసుకుంటామన్నారు. చీటీలు చదివి, ఎవరికి జబ్బు అని అడిగారు. ఇద్దరం ఒకరినొకరు చూపించుకున్నాం.

ఇంకో తా.క.: స్టేషను కంటే ముందు వీధి చివరిదాకా వెళ్ళి రావాలి. పక్కన కూర్చుంటానని కాంపౌండరుగారు అన్నారు. సిరంజీ తేవద్దన్నాను. ఇందాక తలుపు తీసి చూశాను. డ్రైవరు సీటు ఇంకా మీ అక్క కాళ్ళ పొడుగుకే ఉంది. నా మోకాళ్ళు పట్టవు. రేపు పొద్దున దాన్ని వెనక్కి జరుపుతాను.