శనివారాల ‘ఆయన’

స్కార్‌దాల్, సెప్టెంబరు 2

రైఫిల్ క్లబ్బు కార్యదర్శి తూర్‌లైఫ్ బక్కెలి గారికి,

నా భార్య గున్‌వోర్ ఆగస్టు ఇరవై రెండున చనిపోయింది. ఆ రోజు ఆరింటికి లేచింది. కాఫీ పెట్టింది. మేకపాల చీజ్ వేసుకుని రెండు బ్రెడ్డు ముక్కలు తింది. వంటింటి బల్ల మీద పాత పేపరు పరిచి రైఫిల్ గొట్టం తుడిచింది. పదకొండింటికి బంగాళాదుంపలు తవ్వడానికి పెరట్లోకి వెళ్లింది. పన్నెండింటికి పిలిచాను. పలకలేదు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు.

ఇక పని విషయం. రైఫిల్ వేరొకరి పేరుకి మార్చాలని పోలీసుల నుంచి కాగితం వచ్చింది. నాకు కాల్చడం రాదు. ఇది చవకరకం బోల్ట్ రైఫిల్, భుజానికి ఆనించే మడమ ప్లాస్టిక్‌ది. దాని మీద బిగించిన దుర్భిణి మాత్రం రైఫిల్ కంటే ఖరీదైనదని దుకాణంలో చెప్పారు. అలాంటిది మేం కొన్నట్టు నాకు తెలియదు. మీకేమైనా తెలిస్తే రాయండి.

ఇట్లు,
ఐలెర్ట్ క్రోన్

తా.క. ప్రతి శనివారం మీ మైదానంలో ఆమె రాసుకున్న నోటు పుస్తకం దొరికింది. చదువుతున్నాను.

---

క్లబ్బు గది, సెప్టెంబరు 5

మాస్టారికి తూర్‌లైఫ్ దణ్ణాలు.

బెర్గెన్ పట్నంలో పిల్లలకి పాఠాలు చెప్పినవారు, మీలాగా పొందిగ్గా రాయడం నాకు చేతకాదు, తప్పులుంటే క్షమించాలి. గున్‌వోర్ లేక కాల్పుల మైదానం బోసిపోయింది. మొన్న శనివారం అక్కడ మేం వేసుకునే వాఫిల్ అట్లు కూడా మాడిపోయాయి.

దుర్భిణి సంగతంటారా, చవక రైఫిలు, ఖరీదు అద్దం, మా అందరి దారీ అదే. ఇనుము ఎవరు చేసినా ఇనుమే. ఆరువందల మీటర్ల అవతల నల్లచుక్క కనబడాలంటే అద్దం బాగుండాలి. దాన్ని నేనే దగ్గరుండి ఏరిపెట్టాను. “మా ఇంట్లో చెప్పకు తూర్‌లైఫ్” అంది. చెప్పలేదు.

మీ
తూర్‌లైఫ్

తా.క. ఆ నోటు పుస్తకం జోలికి పోకండి మాస్టారూ. అవి మైదానంలో మాలో మేం చెప్పుకునే సంగతులు. బయటివాళ్లు చదివితే బుర్ర పాడవుతుంది.

---

స్కార్‌దాల్, సెప్టెంబరు 9

బక్కెలి గారికి,

జోలికి పోయాను. ఆమె రాసింది రాసినట్టు ఇస్తున్నాను.

‘ఇవాళ ఆయన ఆలస్యంగా వచ్చాడు. ఇరవై నిమిషాలు పడుకునే ఎదురుచూశాను.’

‘ఆయన మెత్తగా ఉన్నాడు. ఎడమ చెంపకి తగిలాడు. హాయిగా ఉంది.’

‘ఆయన నా మాట వినడు. నేనే సర్దుకోవాలి.’

మాది ముప్పై ఒక్క ఏళ్ల కాపురం. నలభై పేజీలు చదివి ఆపేశాను. అంతకు మించి చదవలేకపోయాను.

ఈ ‘ఆయన’ ఎవరు? శనివారం పదింటికి రైఫిల్ తీసుకుని మీ ఇంటికి వస్తాను. మీరొక్కరే ఉండండి.

ఇట్లు,
ఐ. క్రోన్

తా.క. మీ కుక్కంటే నాకు భయం. దగ్గరికి రాను. రోడ్డు మీదే ఆగుతాను. అక్కడినుంచి మీరు బాగానే కనబడతారు.

---

చెల్లెలి ఇల్లు (ఏ ఊరో రాయను), సెప్టెంబరు 14

మాస్టారూ,

నాకు డెబ్భై ఏళ్లు. నడుం నొప్పి. గున్‌వోర్ పక్కన పడుకున్నమాట నిజం. ఆరడుగుల ఎడంగా, పొట్ట మీద, చెవులు మూసుకుని, ఇంకో పదకొండుమందితో పాటు!

మీ ఉత్తరం అందగానే బస్సెక్కాను. ఇక్కడికొచ్చి మా చెల్లెలు ఇంగెబోర్గ్‌కి చదివి వినిపించాను. వింటూ వింటూ నవ్వింది చూడండి, కుర్చీలోంచి జారింది. “ఓరి పిరికోడా! అది గాలిరా!” అంది. “నువ్వు పొద్దున లేస్తూనే ఏమంటావు? ‘ఇవాళ ఆయన జోరు మీదున్నాడు’ అనవూ?”

భయంలో నాకే తట్టలేదు. మా లోయలో గాలైనా వానైనా ‘ఆయనే’ మాస్టారూ. ఆయన వీస్తాడు, ఆయన కురుస్తాడు. ఆయన ఎటునుంచి వస్తున్నాడో తేలిందాకా దూరపు గురి పెట్టలేం. అందుకే పడుకుని ఎదురుచూస్తాం. ఎడమ చెంపకి తగిలితే దుర్భిణి మర రెండు గీతలు ఎడమకి తిప్పుతాం. సర్దుకోవడమంటే అదీ!

నాలుగేళ్లుగా ఇక్కడుంటున్నారు, ఈ మాట మీ చెవిన పడలేదా?

మీ
తూర్‌లైఫ్

తా.క. అడక్కూడదుగానీ, ఇంగెబోర్గ్ అడగమంటోంది. ఇక్కడ పుట్టిన గున్‌వోర్ ఇంట్లో మా లోయ మాట మాట్లాడితే మీరు దిద్దేవారటగా? ఓసారి నవ్వుతూ చెప్పింది, “మైదానానికొస్తేగానీ నా నోరు నాది కాదు” అని.

తా.తా.క. కుక్క కరవదు.

---

స్కార్‌దాల్, సెప్టెంబరు 19

తూర్‌లైఫ్ గారికి,

దిద్దేవాణ్ణి. పెళ్లయిన కొత్తలో దిద్దాను. తర్వాత దిద్దాల్సిన అవసరం రాలేదు. ఆమె నేర్చుకుందనుకున్నాను.

మీ చెల్లెలి ఊరి పేరు కవరు మీది తపాలా ముద్రలో చదివి రాస్తున్నాను, మీరు ఇంటికి వెళ్లవచ్చు. ఆ శనివారం నేను రైఫిల్ మీకప్పగించి, జవాబు విని వెళ్లిపోదామనే వచ్చాను. తలుపుకి తాళం ఉంది. కుక్క మాత్రం రోడ్డు దాకా వచ్చింది. కరవదన్నారు. నా ప్యాంటు చూస్తే మీ అభిప్రాయం మారుతుంది.

నిన్న మిగతా పేజీలు చదివాను. ‘ఆయన’ అన్న ప్రతిచోటా గాలి అనుకుంటూ చదివాను. అన్నీ సరిపోయాయి. మార్చి నెలలో ఒకచోట సరిపోలేదు: ‘ఆయన రాత్రంతా దగ్గాడు. ఈ శనివారం వెళ్లను. బార్లీ జావ కాచి దగ్గర కూర్చుంటాను.’

గాలి దగ్గదు.

రైఫిల్ నా పేరుకే మార్చమని పోలీసులకి రాశాను. అనుమతికి ముందు మీ క్లబ్బులో శిక్షణ పూర్తిచేయాలన్నారు. కొత్తవాళ్లకి మీవాళ్లే పక్కనుండి నేర్పుతారట.

ఇట్లు,
ఐలెర్ట్ క్రోన్

తా.క. ఈ ఉత్తరం మీకు అందేసరికి రేపటి సంగతి అయిపోయి ఉంటుంది, అయినా రాస్తున్నాను. రేపు పొద్దున తొమ్మిదింటికి మీ మైదానంలో చాప పరుచుకుని పడుకుంటాను. ఆయన వచ్చేదాకా కాల్చను.