కెమెరా మీద బొట్టుబిళ్ళ

సుధీర్,

నువ్వు పోయాక ఈ పరాయి దేశంలో, ఫ్లాట్ బుష్‌లోని మన ఇంట్లో ఇది రెండో చలికాలం. ఇవాళ సాయంత్రం నీ సీరియల్ పెట్టాను. అదే, కుట్రల వెంటపడి తిరిగే ముగ్గురు తిక్క మనుషులది. పెద్ద సీరియల్‌కి పుట్టిన పిల్ల సీరియల్, ఒక్క సీజన్‌తోనే ఆగిపోయింది. "నిజాలు చెప్తున్నారని ఆపించేశారు" అనేవాడివి. "ఎవరూ చూడక ఆపేశారు బాబూ" అనేదాన్ని. అది చూస్తూ చూస్తూ ఒకరోజు నా నుదుటి మీది బొట్టుబిళ్ళ తీసి నీ లాప్‌టాప్ కెమెరాకి అతికించావు. "ఇందులోంచి మనల్ని ఎవరో చూస్తుంటారు" అన్నావు. మన పాప మేఘా నేనూ పడీపడీ నవ్వాం.

ఇవాళ ఎపిసోడ్ మధ్యలో తల తిప్పితే, బల్ల మీద నీ లాప్‌టాప్ తెరిచి ఉంది. బొట్టుబిళ్ళ లేదు. కెమెరా పక్కన పచ్చ లైటు వెలుగుతోంది, అది నావైపే తిరిగి ఉంది. వీధి తలుపు చూశాను, గడియ వేసే ఉంది. మేఘ గది తలుపు తట్టబోయాను.

అంతలో అదే బయటికి వచ్చింది. బొట్టుబిళ్ళ దాని వేలికి అంటుకుని ఉంది.

"ఐ టుక్ ఇట్ ఆఫ్, మమ్మీ. వీడియో కూడా ఆన్ చేశా. ఎవరో చూస్తుంటారని డాడీ చెప్పాడుగా. మేబీ ఇట్స్ హిమ్."

మూసెయ్యాలని చెయ్యి చాపాను. ఇప్పటికీ భయంగానే ఉంది. కానీ మూత వెయ్యలేదు. లాప్‌టాప్‌ని కొంచెం టీవీ వైపు తిప్పి, ఎపిసోడ్ మొదటి నుంచి పెట్టాను.